ఏ మడి కలుపు ఆ మడి గట్టుకే

కలుపు పెంచమని నా కూతురు నళిని నన్ను అడిగిన ఏడు అది. రెండు వేల నాలుగు. తొలకరి, అదే ముంగారు వాన, ఇంకా పడలేదు.

నేను ఉద్దనపల్లి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. తరువాత చదివిందంతా చేనే. చేను చూస్తే దాన్ని చేసేవాడి సంగతి తెలిసిపోతుందని ఆ చదువు చెప్పింది. ఈ రామకృష్ణప్ప రాగి చేన్లో కలుపు చూశామని చెప్పగలిగినవాళ్ళు మా చుట్టుపక్కల లేరు. ఒక్క ఏడు తప్ప. ఆ సంగతికి వస్తాను.

నళిని అప్పుడు వ్యవసాయ కాలేజీలో పెద్ద చదువులో ఉంది. మట్టిలో ఉండే బ్యాక్టీరియాతో కలుపును అణచడం ఆమె పరిశోధన. గాజు గిన్నెల్లో చేసింది, కుండీల్లో చేసింది. ఇక రైతు చేన్లో చేసి చూపిస్తేనే చదువు పూర్తవుతుంది.

"నలుగురిని అడిగినాను నాయనా. ఎవురూ చేను ఇయ్యలేదు."

"మీ మామ?"

"అశ్వత్థప్ప మామ నవ్వినాడు."

"నన్ను కడాన అడుగుతా ఉండావా?"

"నువ్వు ఒప్పుకోవని తెలుసు కదా."

తెలిసే ఉంటుంది. ఆమె అడిగింది మామూలు సంగతి కాదు. పన్నెండు చిన్న మళ్ళు కట్టాలి. ఆరింటికి ఎర్రపుల్ల పాతి, అందులో ఆమె పొడి చల్లాలి. ఆరింటికి తెల్లపుల్ల పాతి, ఏమీ చల్లకుండా వదిలెయ్యాలి. పన్నెండింటిలోనూ రాగే వెయ్యాలి. కానీ ఎందులోనూ కలుపు తీయకూడదు.

"తీయకుండా?"

"నలభయ్యో నాడు ఒకసారి, డెబ్బయ్యో నాడు ఒకసారి లెక్క పెడతాను. పొడి చల్లిన మడిలో ఎంత మొలిచింది, చల్లని మడిలో ఎంత మొలిచింది. తెల్లపుల్ల మడిలో కలుపు లేకపోతే నా పొడి పని చేసిందని ఎట్ల చెప్పేది?"

"కలుపు లెక్క పెట్టేదానికా నిన్ను కాలేజీలో చేర్పించింది?"

"దానికే," అంది. నవ్వలేదు. వాళ్ళమ్మ కూడా అంతే. మనం ఎగతాళి చేస్తే నవ్వేది కాదు, నిజం చేసి చూపించేది.

వద్దన్నాను. అప్పుడు సంచిలోంచి ఒక గాజు సీసా తీసి నా ముందు పెట్టింది. అందులో గుప్పెడు నల్లమన్ను.

"ఇది యాడిదో చెప్పు."

వేళ్ళ మధ్య నలిపి చూశాను. మన్ను గుర్తుపట్టలేనివాడు రైతు ఎలా అవుతాడు?

"మన కిందచేను గట్టుది."

"అమ్మ కలుపు వేసే గట్టు కింద తీసినాను. అరవై చేన్ల మన్ను తీసి చూసినా, ఈ మంటి మాదిరి పని చేసేది ఇంకోటి దొరకలేదు."

ఆది, అంటే నా పెళ్ళాం ఆదిలక్ష్మమ్మ, పీకిన కలుపును దిబ్బలో వేసేది కాదు. విత్తనం ఎరువులో కలిసి మళ్ళీ చేన్లోకే వస్తుందని ఆమె బాధ. పీకిన మొక్కను ఆ మడి గట్టు మీదే, వేరు ఆకాశానికి పెట్టి పరిచేది. ఒక మడిది ఇంకో మడికి పోనిచ్చేది కాదు. 'ఏ మడి కలుపు ఆ మడి గట్టుకే' అనేది. కూలివాళ్ళు నవ్వుకున్నా వినేది కాదు.

"ఇరవై ఏండ్లు కలుపు వేర్లు ఆడనే కుళ్ళినాయి నాయనా. ఆ వేర్లను తినే బ్యాక్టీరియా ఆడ చేరింది. ఆ మంటిలో ఊదగడ్డి మొలిచినా వేరు సాగదు. గోధుమరంగుకు తిరిగి ఆడికే నిలిచిపోతుంది. రాగిని మాత్రం ఏమీ చెయ్యదు."

"బ్యాక్టీరియా అంటే జొరం తెచ్చేది కాదా?"

"పాలు తోడుకొనేది కూడా దాంతోనే."

సీసా నా చేతిలోనే ఉంది. మూత బిగించాను.

"కిందచేను తీసుకో," అన్నాను.

కిందచేను అన్నందుకు ఆమె నా ముఖం వైపు చూసింది. వాళ్ళమ్మ పోయింది ఆ చేన్లోనే.

నాలుగేళ్ళ కిందటి మాట. కలుపు తీసే గుంపుకు చిక్కమ్మ పెద్ద. మధ్యాహ్నం రాగిముద్దకు బదులు అన్నం పెట్టమని అడిగింది. మిగతా చేన్లలో పెడుతున్నారంది. రాగి చేన్లో పని చేసేవాళ్ళకు రాగిముద్ద చేదా అన్నాను. వాళ్ళు రాలేదు. నేను పోయి పిలవలేదు. నెల దాటింది, ఊద మోకాలెత్తు లేచింది. ఆది నాతో మాట కూడా అనకుండా ఒక్కతే దిగింది. రెండో నాడు పింజర కరిచింది. బస్సు హోసూరు చేరకముందే నా ఒళ్ళో చల్లబడింది.

దినాల నాడు పదిమందిలో ఆమె తమ్ముడు అశ్వత్థప్ప అన్నాడు: "పాము కాదు బావా, నీ కలుపు తినింది మా అక్కను."

అది నిజం. నిజమైనందువల్లే వాణ్ణి క్షమించలేదు.

*

జులై కడాన, ఆడి నెల రెండో వారంలో, పదును వాన పడింది. నళిని తెచ్చిన పొడిని మాగిన పేడ ఎరువులో కలిపి, నీడన పెట్టి, తడి గోనెలు కప్పి ఎనిమిది రోజులు ఉంచాం. ఎండ తగిలితే చస్తుందట. రోజూ పొద్దున, సాయంత్రం గోనెలు తడపడం నా పని. బాలింతను కూడా నేను అంత జాగ్రత్తగా చూడలేదు.

పొద్దు వాలాక ఎర్రపుల్ల మళ్ళల్లో చల్లుతుంటే అశ్వత్థప్ప దారిలో సైకిల్ ఆపాడు.

"ఏమి బావా, చేనికి విభూతి పెడతా ఉండావా?"

నేను ఇంకో గుప్పెడు చల్లాను. నళిని పలికింది.

"అవును మామా. నీ చేనుకు కూడా దిష్టి ఉంటే చెప్పు, పెడతాను."

మొలకలు వచ్చాయి. పదో రోజుకు రాగితో పాటు కలుపూ తల ఎత్తింది. ఊద, అడవి తోటకూర, కాంగ్రెస్ గడ్డి, తుంగ. వారానికి ఒకసారి నళిని హోసూరు బస్సు దిగి వచ్చి ఇనుప చట్రం ఒకటి మళ్ళల్లో పెట్టి, దాని లోపల మొలిచినవి చూసుకొని పోయేది. చిక్కమ్మ గట్టు మీద నిలబడి అడిగింది:

"మంచానికి కోళ్ళు యాడ మరిచిపోయినావు పాపా?"

"కోళ్ళు పెడితే నువ్వొచ్చి పండుకుంటావని తీసేసినాను అవ్వా."

ఇరవై రోజులు దాటాక తేడా నా కంటికే కనిపించింది. ఎర్రపుల్ల మళ్ళల్లో ఊద పచ్చబారక, పాలిపోయి, వేలెత్తులోనే నిలిచిపోయింది. తెల్లపుల్ల మళ్ళల్లో మాత్రం రాగిని తొక్కి లేచింది. తేడా చూసి సంతోషపడాల్సింది. నేను తెల్లపుల్ల మళ్ళ దగ్గర తల అవతలికి తిప్పుకొని నడిచేవాణ్ణి. ముప్పయ్యో రోజుకు అది మోకాలెత్తయింది. ఎంత ఎత్తో కొలవాల్సిన పని నాకు లేదు.

నలభయ్యో నాడు కాలేజీ నుంచి ఆమె గురువు వాసుదేవ, ఇంకో ఇద్దరు ఆఫీసర్లు వచ్చి తమ కళ్ళతో చూసి లెక్క రాసుకోవాలి. వాళ్ళను వెంటబెట్టుకొని వస్తానని నళిని ముందు రోజే వెళ్ళింది. పోతూ పోతూ, "నాయనా, ఏమీ ముట్టుకోవద్దు," అంది.

"నాకేమి పని."

ఆ పొద్దున టీ అంగడిలో అశ్వత్థప్ప ఉన్నాడు. పదిమంది ఉన్నారు.

"రేపు ఆఫీసర్లు వస్తారంట కదా బావా. ఏమి చూపిస్తావు? మా అక్క పోయిన నాడు ఎంత కలుపుండిందో అంతా తయారుగా పెట్టినావు."

టీ గ్లాసు బల్ల మీద పెట్టాను. సగం తాగలేదు.

నేరుగా కిందచేనికి పోయాను. కిందటి రాత్రి వాన కురిసి మన్ను మెత్తగా ఉంది. మొదటి తెల్లపుల్ల మడిలో దిగాను. పీకడం మొదలుపెట్టాను. నేను ఏం చేస్తున్నానో నాకు తెలియదని చెప్పను. కూతురు వద్దన్నది గుర్తుంది. కానీ చదువుకున్న పెద్దమనుషులు నా చేను గట్టు మీద నిలబడి, అదే చేన్లో, అంతే ఎత్తు కలుపును చూడడం నా వల్ల కాలేదు. ఇంటికి పెద్దలు వస్తుంటే వాకిలి ఊడ్చకుండా ఎవరుంటారు?

ఎండ నడినెత్తికి వచ్చేసరికి చిక్కమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు అటుగా వచ్చారు.

"ఏమప్పా, పాప వద్దనింది కదా?"

"రేపు ఆఫీసర్లు వస్తా ఉండారు."

ఆ మాట చాలింది. ఇంకేమీ అడగలేదు. కొంగులు దోపుకొని దిగారు. ఊరి పరువు అన్నట్టే పీకారు. నాలుగేళ్ళ తరువాత చిక్కమ్మ నా చేన్లో వంగడం అదే మొదలు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

సాయంత్రానికి ఆరు మళ్ళూ శుభ్రమయ్యాయి. రాగి ఊపిరి పీల్చుకున్నట్టు నిలబడింది. చిక్కమ్మ ఊదగడ్డినంతా ఒకచోటికి చేర్చి మోపు కట్టబోయింది.

"ఆడ పెట్టు దాన్ని," అన్నాను.

"నా ఆవుకప్పా. ఊరికే ఎండిపోయేదే కదా."

"ఏ మడిది ఆ మడి గట్టు మీద వెయ్యి. వేరు పైకి పెట్టి పరుచు."

"ముద్దకు బదులు అన్నం పెట్టవు. గడ్డి కూడా పెట్టవా?" అంది. నవ్వుతూనే అంది. చేతిలోని మోపు మాత్రం విప్పింది. ఆరు గట్ల మీద ఆరు వరుసలు పరిచి ఇళ్ళకు వెళ్ళాం.

*

మరుసటి రోజు తొమ్మిదింటికి జీపు వచ్చింది. వాసుదేవగారు కోలారు వైపు మనిషి, తల నెరిసినవాడు. నళిని ముందు దిగింది. చేను వైపు రెండు అడుగులు వేసి ఆగింది.

పన్నెండు మళ్ళూ చూసింది. తెల్లపుల్లలు చూసింది. నా వైపు తిరిగింది. అరవలేదు.

"నాయనా, ఎవురు పీకినారు?"

గట్టు మీద చిక్కమ్మ గుంపు ఉంది. తమాషా చూడడానికి అశ్వత్థప్ప కూడా వచ్చి నిలబడ్డాడు. నేరం పంచుకోవడానికి ఇద్దరు ముగ్గురు ఉన్నారు. నాకు పంచే అలవాటు లేదు.

"నేనే పీకినాను."

నళిని గట్టు మీద కూర్చుంది. అంతే. ఆమె కూర్చోవడం చూసినప్పుడు నాకు తెలిసింది, ఏం పీకానో.

వచ్చిన ఆఫీసర్లలో ఒకడు కాగితాల అట్ట మూసి, "పోలిక పోయింది సార్. ఇంకేముంది లెక్క రాయడానికి?" అన్నాడు.

వాసుదేవగారు నాతో నెమ్మదిగా చెప్పాడు. "అప్పా, పొడి చల్లిన మడిలో కలుపు తక్కువ ఉంటే చాలదు. దేనికంటే తక్కువో చూపించాలి కదా. రెండేండ్ల పని ఇది."

"తప్పు నాది," అన్నాను. "పాపది కాదు. అట్లని రాసుకోండి."

ఆ మాట నా నోటి నుంచి అంతకుముందు ఎవరూ వినలేదు. ఒకత్తె వినాల్సింది, వినకుండానే పోయింది.

నళిని తల ఎత్తింది.

"పీకింది యాడ వేసినావు?"

"యాడ వేస్తాను? ఏ మడిది ఆ మడి గట్టు మీదనే."

"ఆరింటిదీ?"

"ఆరింటిదీ. చిక్కమ్మ ఆవుకు కూడా ఇయ్యలేదు."

నళిని లేచింది. మొదటి గట్టు దగ్గరికి పోయి వంగింది. వాడిన ఊదగడ్డి వరుసగా, వేర్లు పైకి, నిన్న పరిచినట్టే ఉంది. ఒక మొక్క తీసి వేరు చూసింది. రెండోది తీసింది.

"సార్, చట్రం పెట్టి లెక్కపెడితే మడిలో ఒక్క మూల తెలుస్తుంది. ఇక్కడ మడి మొత్తం ఉంది. ఎర్రపుల్ల మళ్ళల్లో కూడా ఇట్లనే మొత్తం పీకి లెక్క పెడదాము. ఎట్లయినా ఎండబెట్టే కదా తూకం వేసేది."

వాసుదేవగారు గట్టు పొడుగునా ఒకసారి నడిచి వచ్చాడు. ప్యాంటు మడిచాడు. చెప్పులు విప్పాడు.

"ఎవరెవరికి లెక్క వచ్చునో వాళ్ళంతా కూర్చోండి," అన్నాడు. అశ్వత్థప్ప వైపు చూసి, "మీరూ రండప్పా, నిలబడి ఏం చేస్తారు," అన్నాడు.

చిక్కమ్మకు నూరు దాటి లెక్క రాదు. నూరైనప్పుడల్లా ఒక గులకరాయి పక్కన పెట్టింది. ఆమె లెక్కే అందరి లెక్కకంటే సరిగా వచ్చిందని తరువాత నళిని చెప్పింది. ఎర్రపుల్ల మళ్ళల్లో పీకిన మొక్కల్ని అశ్వత్థప్ప లెక్కపెట్టాడు. కాసేపటికి ఒక మొక్కను పైకెత్తి పట్టుకున్నాడు.

"పాపా, దీనికి వేరే లేదే. కాలిన ఒత్తి మాదిరి ఉండాది."

"ఆ బ్యాక్టీరియా చేసింది అదే మామా."

"యాడ పట్టినావు దాన్ని?"

"అమ్మ కలుపు వేసే గట్టు కింద."

అశ్వత్థప్ప ఆ మొక్కను కింద పెట్టాడు. దాన్ని లెక్కలో చేర్చాడో లేదో అని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. ఆ పూట వాడి నోటి నుంచి ఇంకో ఎగతాళి రాలేదు.

మధ్యాహ్నం నేను ఇంటికి పోయి పొయ్యి ముట్టించాను. ఆది పోయాక వంట నాదే. అయినా ఆ పొయ్యి మీద అంత పెద్ద గుండిగ ఎప్పుడూ పెట్టలేదు. బుట్టలో తెచ్చి ఆకులు వేసి వడ్డించాను. చిక్కమ్మ తన ఆకులోకి చూసింది. తెల్లగా ఆవిరి వస్తోంది. అన్నం, హురుళి చారు, అదే ఉలవచారు.

"నాలుగేండ్లు పట్టింది కదప్పా," అంది, "నీ ఇంట్లో బియ్యం ఉడికేదానికి."

నేను చారు పోశాను.

"ఆ పంతం నాది కూడా," అంది తల ఎత్తకుండా. "ఒక నాడు ముద్ద తినింటే నోరు పోయిండునా నాకు."

అశ్వత్థప్పకు కూడా వడ్డించాను. రెండోసారి అడిగి వేశాను. వాణ్ణి క్షమించానని కాదు. అన్నం పెట్టడం వేరు, అది వేరు.

పొద్దు వాలేసరికి లెక్క తేలింది. తెల్లపుల్ల మళ్ళు ఆరింటిలో మూడు వేల తొమ్మిది వందల ముప్పై మొక్కలు. ఎర్రపుల్ల మళ్ళల్లో పదమూడు వందల యాభై ఎనిమిది. ఇంచుమించు మూడో వంతు. తుంగ మాత్రం రెండింటిలోనూ ఒక్కటిగానే ఉంది. గడ్డ ఉన్నదాన్ని ఈ బ్యాక్టీరియా ఏమీ చెయ్యలేదని నళిని అక్కడే, అందరిముందే చెప్పి రాయించింది. దాచలేదు. అది నాకు నచ్చింది.

"అయితే మాకు తుంగ మిగిలిందిలే," అంది చిక్కమ్మ.

జీపు ఎక్కబోతూ వాసుదేవగారు నా చెయ్యి పట్టుకున్నాడు. "కలుపును ఇంత పద్ధతిగా పారేసేవాళ్ళను నేను చూడలేదప్పా. ఎవరు నేర్పించారు?"

చెప్పాలనుకున్నాను. నోరు తెరిచేలోపలే నళిని చెప్పింది.

"మా అమ్మ."

*

రెండో లెక్క డెబ్బయ్యో నాడు. పీకిన మళ్ళల్లో మళ్ళీ మొలుస్తుందని, ఈసారి చట్రం పెట్టి చూస్తానని, ఆమె చెప్పిన రోజు దాకా ఎవరూ దిగకూడదని చెప్పి నళిని వెళ్ళింది. నాకు వేరేగా చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదని ఆమెకు తెలుసు.

రెండో లెక్క కూడా దగ్గర దగ్గర అలాగే వచ్చింది. కార్తీకంలో కోసినప్పుడు ఎర్రపుల్ల మళ్ళ రాగి, తెల్లపుల్ల మళ్ళ రాగికి ఒకటిన్నర వంతు తూగింది. నళిని పుస్తకం రాసి ఇచ్చింది, పట్టా పుచ్చుకుంది. ఆ పుస్తకంలో మన్ను ఎక్కడ తీశారో రాసిన పుట ఉంది. ఇంగ్లీషు నాకు రాదు. ఉద్దనపల్లి అన్న మాట, ఆది పేరు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించమన్నాను. చూపించింది. ఇప్పుడు ఎవరూ చూపించకుండానే పట్టగలను.

అయినా ఆ ముంగారులో నాకు బాగా గుర్తుండేది లెక్కలు కాదు. రెండు లెక్కల మధ్య ఒక పొద్దు.

తెల్లపుల్ల మళ్ళల్లో కలుపు మళ్ళీ లేచింది. ఆ నెలంతా రోజూ పొద్దున్నే వెదురుకర్ర తీసుకొని కిందచేనికి పోయేవాణ్ణి. పన్నెండు మళ్ళ గట్లూ కర్రతో తట్టుకుంటూ తిరిగేవాణ్ణి. పాము ఉంటే ఆ అదురుకు పారిపోతుంది. నళిని రేపో మాపో ఆ మళ్ళల్లో మోకాళ్ళ మీద కూర్చుంటుంది. చిక్కమ్మ ఆవుకు నాలుగు పరకలు కోసుకుంటానని వస్తే కేకలేసి తరిమాను. మేనల్లుడి మేక ఒకటి దూరితే దాన్నీ తరిమాను.

అలాంటి ఒక పొద్దు, రాయకోట దారిన పోతున్న మనిషి ఒకడు ఎద్దును పట్టుకొని ఆగాడు. కల్లావి సంతకు పోతున్నాడట. కొత్త మనిషి. నన్ను ఎరగడు.

రాగి మీదికి లేచిన ఊదను చూశాడు. నాలుక చప్పరించాడు.

"ఎవురిదప్పా ఈ చేను? ఇంత కలుపు పెట్టుకోని ఎట్ల నిద్రపోతాడు?"

నాలుగేళ్ళ కింద ఆ మాట అడిగివుంటే ఏం చెప్పేవాణ్ణో తెలియదు. కర్ర గట్టు మీద ఆనించి నిలబడ్డాను.

"నాదే," అన్నాను. "ఎద్దును కాస్త అవతలగా తోలుకో. ఈ కలుపును తొక్కేది లేదు."